క్రిముల ఉంగరం

ఏ మందుకూ లొంగని క్రిమిని కాలిలో మోసి, దాన్ని మట్టి కరిపించి, రాజమండ్రి నుంచి నడిచి ఇంటికొచ్చిన మొనగాణ్ణి నేను. నన్ను చూడటానికి విశాఖపట్నం నుంచి పెద్ద డాక్టర్లు కార్లేసుకుని వచ్చారు.

సరే, కార్లు లేవు. ఆసుపత్రి కింది అంతస్తు ల్యాబు నుంచి ఒక డాక్టరమ్మ మెట్లెక్కి వచ్చింది. ఆవిడ కూడా నా ముఖం చూడలేదు, కాలికట్టు విప్పించి చీము చూసింది. మట్టి కరిపించింది కూడా నేను కాదు, సెలైన్‌లో ఎక్కించిన మందు. ఇంటికి ఆటోలో వచ్చాను.

రొయ్యల చెరువులో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటరు రెక్క గీరుకుని పాదం తెగింది. రొయ్యల మేతలో కలపడానికి దాచిన యాంటీబయాటిక్ పొడినే పుండు మీద చల్లుకున్నాను. రొయ్యలు బతికినప్పుడు నేను బతకనా అని ధీమా. పాదమంతా వాచాక ఆసుపత్రిలో చేర్చారు.

పక్క మంచం మీద లూథరన్ బడిలో పనిచేసి రిటైరైన మాస్టారు. ప్రోస్టేట్ ఆపరేషనయి, మూత్రానికి గొట్టం, సంచి. ఆయన వరండాలో నడుస్తుంటే ఆ సంచి పట్టుకుని నేను వెనకాలే కుంటేవాణ్ణి, పెళ్ళికొడుక్కి గొడుగు పట్టినట్టు.

“చేతులు కడుక్కోండి తాతగారూ,” అనేది నర్సు నాతో.

“నేను కడుగుతూ కూర్చుంటే గోదావరి ఎండిపోతుందమ్మా!”

మాస్టారికి ఆపరేషను తర్వాత వచ్చి తగ్గుముఖం పట్టిన జ్వరం ఒక మధ్యాహ్నం తిరగబెట్టింది. మంచం ఊగేంత వణుకు. ఐసీయూకి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ పైకొచ్చింది అప్పుడే.

“మొన్నటిదాకా పనిచేసిన మందు ఆయనకిప్పుడు పనిచేయట్లేదండి. ఇంకొక్కటే మిగిలింది. మీ కాల్లో క్రిమి, ఆయన మూత్రంలో క్రిమి వేరువేరు జాతులు. కానీ రెండింట్లోనూ ఒకటే ప్లాస్మిడ్ ఉంది.”

“అంటే ఏంటమ్మా?”

“క్రిమి లోపల చిన్న ఉంగరంలాంటిదండి. మందుని ఎలా విరిచేయాలో అందులో ఉంటుంది. ఒక క్రిమి పక్కదాన్ని దగ్గరకు లాక్కుని, ఆ ఉంగరానికి నకలు తీసి ఇచ్చేస్తుంది. తనదీ పోదు.”

“వేరే జాతిదానికి కూడానా?”

“కులం అడగవండి అవి. పుచ్చుకున్నది మళ్ళీ ఇంకోదానికి ఇస్తుంది.”

రోగం మనిషి నుంచి మనిషికి అంటుకుంటుందని తెలుసు. క్రిములు ఒకదానికొకటి విద్య చెప్పుకుంటాయని, అదీ మన ఒంట్లో కూర్చుని, మనకు తెలియకుండా చెప్పుకుంటాయని ఇన్నేళ్ళలో ఎవరూ అనగా వినలేదు. ఖాళీ అయిన పక్క మంచం వైపు చూడలేకపోయాను.

భయమేస్తే నా నోరు ఊరుకోదు. పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ మొదలెట్టాను: “ఆ ఉంగరం మాస్టారి సంచిలోంచే నాకొచ్చిందండి. సేవ చేసినందుకు దక్కిన బహుమానం!”

వార్డు గుమ్మంలో మాస్టారి భార్య నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో.

“ఆయనకి జ్వరం దిగిందని చెప్దామని వచ్చాను అన్నయ్యగారూ,” అంది. “డాక్టరుగారు రిపోర్టులన్నీ చూపించారు. ఆ ఉంగరం మీరు చేరిన రోజే మీ కాల్లో ఉంది. మా ఆయనకి అప్పటికి లేదు. మీకెవరూ ఇవ్వలేదండి. చెరువు దగ్గర్నుంచి మీరే తెచ్చుకుని, మీ చేత్తో మా ఆయనకి అంటించారు.”