పెదనాన్న చెవిలో నూనె

ఆ రోజుల్లో నా దగ్గర రోగుల కంటే గర్వమే ఎక్కువగా ఉండేది. ఆయుర్వేదం పట్టా చేతికొచ్చిన ఊపులో రేపల్లె బస్టాండు వెనక ఒక గది అద్దెకు తీసుకున్నాను. నిజం చెప్పాలంటే అది సగం గది. మిగతా సగంలో జాకెట్లు కుట్టే అక్క ఉండేది. మా ఇద్దరికీ మధ్య, పైకప్పు దాకా అందని ప్లైవుడ్ చెక్క ఒకటి అడ్డం. బయట బోర్డు మీద నా పేరు కంటే 'డాక్టర్' అన్న మాటే పెద్దగా కనిపించేది (పెయింటరు వద్దన్నాడు, నేనే పట్టుబట్టి రాయించాను). రోజూ పొద్దున్నే బాపట్ల నుంచి బస్సులో వచ్చి, తైలాల సీసాలు తుడిచి, సాయంత్రం దాకా అక్క కుట్టుమిషను చప్పుడు వింటూ కూర్చునేదాన్ని. అక్క దగ్గర ఎప్పుడూ ఆడవాళ్లు కిటకిటలాడేవారు. నా వైపు మాత్రం ఈగ కూడా వాలేది కాదు.

మా ఇంట్లో పెద్ద తీర్పులన్నీ ఆదివారం చర్చి నుంచి వచ్చాక, అన్నాల దగ్గర జరిగేవి. తీర్పరి మా పెదనాన్న. చుట్టుపక్కల హైస్కూళ్లలో పీటీ మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఆయన గుసగుస మామూలు వాళ్ల కేకతో సమానం. "చెవిలో నూనె పోయడానికి డాక్టరు చదువేంటి? మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చోబెట్టి పోసేది" అన్నాడు. చివరికి తేలిందేంటంటే, వచ్చే ఆదివారానికి గది ఖాళీ చేసి, నేను బీఈడీలో చేరాలి. నాన్న తలూపాడు. పెదనాన్న మాటకు నాన్న ఎప్పుడూ తలూపడమే.

మంగళవారం అనుకుంటా, మధ్యాహ్నం ఎండలో తలకు తువ్వాలు చుట్టుకుని ఒక పెద్దాయన నా గదిలోకి దూరి తలుపు వేశాడు. తువ్వాలు తీస్తే పెదనాన్న. "ఎవరికీ చెప్పకమ్మాయ్. ఎడమ చెవి మూసుకుపోయింది. కుడిది ముందే అంతంతమాత్రం. మొన్న ప్రార్థనయ్యాక అందరూ కూర్చున్నారంట, నేనొక్కణ్ణే నిలబడున్నా. భక్తి అనుకున్నారు" అన్నాడు. నాకు నవ్వాగలేదు, అయినా డాక్టర్ని కదా, మొహం గంభీరంగా పెట్టాను. లైటు వేసి చూస్తే కర్ణభేరి బాగానే ఉంది, గుబిలి మాత్రం గట్టిపడి గూడు కట్టింది. కుడిచెవి దిండుకి ఆనేలా పక్కకు పడుకోబెట్టాను. వేడినీళ్లలో పెట్టి గోరువెచ్చగా చేసిన తైలం నా మణికట్టు మీద వేసి చూసుకుని, ఎడమ చెవి నిండా మెల్లగా పోశాను. "తల కదపకూడదు పెదనాన్నా, కళ్లు మూసుకో" అని ముందే చెప్పాను.

అక్కడే వచ్చింది చిక్కు. ఒక చెవిలో నూనె, రెండోది దిండులో. ఆయనకు ప్రపంచమంతా సద్దుమణిగిపోయింది. తనకేమీ వినబడటం లేదు కాబట్టి చుట్టుపక్కల ఎవరూ లేరని నిర్ణయించుకుని, గుండెలోది బయటపెట్టాడు. ఆ గొంతుతో. "అమ్మాయ్, ఎంత హాయిగా ఉందే. మా అమ్మ పోస్తే చెవి కాలేది. నీ చెయ్యి బంగారం." చెక్క అవతల కుట్టుమిషను ఆగింది. నేను ఆయన భుజం తట్టాను. కదలకూడదని నేనే చెప్పానాయె, కదల్లేదు. నోటి మీద చెయ్యి పెడితే, "నోటికి కూడా వైద్యముందా?" అన్నాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు. "ఈ గది మూసేయమన్నది నేనే కదా. నా మాట పట్టించుకోకు. ఆదివారం మళ్లీ మూసేయమనే అంటాను, అందరి ముందూ మాట మార్చలేను, పెద్దోణ్ణి కదా. నువ్వు మాత్రం మూయొద్దు. ఎదురు చెప్పు."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుందామంటే రెండు చేతులకీ నూనే. చెక్క పక్కనుంచి తొంగిచూస్తే అవతల ఆడవాళ్లందరూ చెవులు రిక్కించి ఉన్నారు. ఒకామె మాత్రం కొలత సగంలో వదిలేసి, చేతులు ఒంటికి ఆనించి నిటారుగా నిలబడి ఉంది. "మా పీటీ సారు గొంతండి. వినంగానే తెలీకుండా లేచి నిలబడ్డా" అంది. ఆ మర్నాడే ఆవిడ వాళ్ల అత్తగారిని తీసుకొచ్చింది. "సారుకి పోసిన నూనే పొయ్యండి" అంది (చెవిలోకి చూడకుండా పొయ్యనని చెప్పి, గంభీరంగా లైటు వేశాను). పెదనాన్న మాత్రం ఆ వారమంతా తువ్వాలు చుట్టుకుని రహస్యంగానే వచ్చాడు. రేపల్లె బస్టాండుకంతా ఆ రహస్యం తెలుసు. శనివారం గుబిలి మొత్తం మెత్తబడి బయటికొచ్చింది. పెదనాన్న కాసేపు కూర్చుని కుట్టుమిషను చప్పుడు విన్నాడు.

ఆదివారం అన్నాల దగ్గర పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. "ఇక ఆ గది మూసేయాల్సిందే" అన్నాడు, కంచంలోకి చూస్తూ. అంతా తెలిసి కూడా నాకు భయమేసింది. ఆయన మాటకు ఆ ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పగా నేను వినలేదు. "మూయను" అన్నాను. నాకే కొత్తగా వినిపించేంత గట్టిగా వచ్చింది ఆ మాట. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. నాన్న కంగారుపడి వాళ్ల అన్నయ్య వైపు చూశాడు. పెదనాన్న మీసం కింద నవ్వు దాచుకుని, నాన్న మీద గయ్యిమన్నాడు. "నన్నెందుకురా చూస్తావు? అది మూయనంటోంది. వినబడలేదా నీకు?"

ఇప్పుడు తెనాలిలో నాకు సొంత ఆస్పత్రి ఉంది, గోడలు పైకప్పు దాకా ఉన్నాయి. పెదనాన్న పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఎవరినైనా కాదనాల్సి వస్తే నీళ్లు నములుతాను, రేపు చెబుతానంటాను. భయపడుతూనే 'మూయను' అన్న ఆ పిల్ల గుర్తొస్తే గర్వంగా ఉంటుంది, కొంచెం అసూయగానూ ఉంటుంది. ఎదురు చెప్పమని ముందే చెవిలో వేసి పంపిన పెద్దాయన ఉండేవాడు ఆ పిల్లకి.