మా మేనత్త బొటనవేలు

కృష్ణ నీళ్లు తాగి పెరిగిన నోటితో ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నా సంగతి తెలిసినవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోండి.

మొన్నామధ్య కుడి భుజం పట్టేసి, చొక్కా తొడుక్కోవడానికి కూడా ఇంట్లోవాళ్లను పిలవాల్సి వచ్చి, బెజవాడలో ఒక ఫిజియోథెరపీ సెంటరుకు వెళ్లాను. అక్కడి అమ్మాయి భుజానికి వైర్లు అంటించి, పదిహేను నిమిషాలు కదలొద్దని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది. అయిదు రోజులు అదే తంతు. చీమలు పాకినట్టు జిలజిలలాడిందే తప్ప, నొప్పి ఎక్కడుందో ఒక్కరూ చేత్తో తడిమి చూడలేదు. ఆరో రోజు వైర్లు అంటించనివ్వలేదు. మొండికేసి కూర్చుని, ఆ అమ్మాయికి మా మేనత్త కథ మొదలుపెట్టాను.

నా పద్దెనిమిదో ఏట మేనత్త ఇంట్లో ఉంటూ కంకిపాడు దగ్గర రైసుమిల్లులో బస్తాలు మోసేవాణ్ణి. ఒకరోజు నడుం పట్టేసింది. నడుం పడితే ఎదురుకాళ్లతో, అంటే తలకు బదులు కాళ్లు ముందొచ్చి, పుట్టినవాళ్లచేత తన్నించుకోవడం మావైపు ఆనవాయితీ అని నా ఈడువాళ్లకు వేరే చెప్పాలా? అలా పుట్టానని ఊరంతా గొప్పలు చెప్పుకు తిరిగే ప్రబుద్ధుడొకడు దొరికాడు. మెల్లగా కాలు తాకించాల్సినవాడు, పదిమంది చూస్తున్నారన్న హుషారులో బంతిని తన్నినట్టు తన్నాడు. పొలంనుంచి మేనత్త వచ్చేసరికి నేను మంచానికి అంటుకుపోయి ఉన్నాను. కోతలై మిల్లు జోరుమీదుంది, నెలలోగా లేవకపోతే నా చోటు ఇంకొకరిది.

ఆవిడ ముందు కాలివేళ్లు ఆడించమంది, తిమ్మిరి ఉందా అని అడిగింది. ఉంటే అది తన చేతిలో పని కాదు, పెద్దాసుపత్రికే అంది. లేదన్నాక ఆముదం గోరువెచ్చగా కాచింది. మూడు రోజులు నొక్కనే లేదు, కండ వదులయ్యేదాకా అరచెయ్యి వేసి ఊరకే కూర్చుంది. నాలుగో రోజు, కళ్లు మూసుకుని వెన్ను పొడవునా తడుముతున్న బొటనవేలు ఒకచోట ఆగింది. అక్కణ్ణించి రోజూ కాస్త కాస్త. ఇరవయ్యో రోజున లేచి, మిల్లుకు నడిచివెళ్లి, ఒకేసారి రెండు బస్తాలు ఎత్తాను.

అమ్మాయి అంతా విని, వైర్లు పక్కన పెట్టి, రెక్క ఎముక అంచున వేలు ఆనించింది. "ఇక్కడేనా అంకుల్?" నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడే.

"మాకూ చేత్తో చెయ్యడం నేర్పారండీ. గంటకి ఆరుగురొస్తుంటే ఎక్కడ కుదురుద్ది?"

కుదుర్చుకోవాలమ్మా అన్నాను. ఎవరు మోటుతనం అన్నా ఇప్పటికీ అదే అంటాను. వారం తిరిగేసరికి నా చొక్కా నేనే తొడుక్కున్నాను. ఆ అమ్మాయి వేలికీ తెలుసు, మా మేనత్త వేలికీ తెలుసు. ఒక నడుం మీద చెయ్యి వేసి ఊరకే కూర్చోగల తీరికే ఇప్పుడు ఎవరికీ లేకుండా పోయింది.

ఇక ప్రమాణం సంగతి. రెండు బస్తాల మాట మీరెలాగూ నమ్మి ఉండరు. అసలు మిల్లులో పనిచేసిందీ, మంచాన పడిందీ నేను కాదు, మా మామయ్య. ఆ ప్రబుద్ధుణ్ణి నేను. ఆ ఇరవై రోజులూ ఆముదం గిన్నె పట్టుకుని పక్కనే కూర్చున్నాను. మామయ్య మిల్లుకు బయలుదేరి వెళ్లాక, మేనత్త చేతులు తుడుచుకుంటూ, నావైపు చూడకుండానే అంది.

"నువ్వు పుట్టినప్పుడు పట్టుకుంది ఈ చేతులేరా. ముందొచ్చింది నీ తలకాయే."

ఆ ముక్క మామయ్యకు ఆవిడ చివరిదాకా చెప్పలేదు. నేనూ చెప్పలేదు.