తెల్లచొక్కా మీద సొన మరక

మొన్న హనుమాన్ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడి, ఒక మగవాళ్ల మాసపత్రిక ప్రత్యేక సంచిక కొన్నాను. తెరవగానే అందులోని ప్రకటన పేజీ నుంచి గుప్పుమని సెంటు వాసన. పత్రిక పుట్టినప్పటి నుంచి నేటిదాకా తమ చరిత్రంతా అందులో వేసుకున్నారు. నడిమి పేజీలో ‘తెల్లచొక్కా దొర’ అంటూ మా పెదనాన్న ఫొటో! ఒళ్లు మండిపోయింది.

నా చిన్నప్పుడు వేసవి సెలవులంటే నూజివీడు దగ్గర పెదనాన్న మామిడితోటే. గడ్డి పరిచిన కొట్టులో మగ్గే చిన్నరసాల వాసన, ఎండ తగ్గాక మా తొక్కుడుబిళ్ల, ఆదివారం చర్చి నుంచి రాగానే పెద్దమ్మ వడ్డించే మామిడికాయ పప్పు, అన్నీ కలిసి ఒకటే పొడవాటి రోజులా గుర్తున్నాయి. పెదనాన్న వరండాలో పడక్కుర్చీ వేసుకుని ఆ పత్రిక చదివేవాడు. మమ్మల్ని ముట్టనిచ్చేవాడు కాదు. కాయ కోయించడానికి కూడా మల్లెపువ్వులాంటి చొక్కాతోనే వెళ్లి, సాయంత్రానికి సొన మరకలతో వచ్చి, విప్పి పెద్దమ్మ ముందు పడేసేవాడు. ఆవిడ నీళ్లు తగలకముందే మరక మీద కిరసనాయిలు అద్ది, కుంకుడు రసంతో రుద్ది రుద్ది, ఎండలో ఆరేసేది. వేళ్లు పగిలిపోయేవి.

ఒకసారి ఆ పత్రికవాళ్లు చొక్కాల మరకలకు చిట్కాలు రాయమన్నారు, మగవాళ్లు మాత్రమే. పెదనాన్న మధ్యాహ్నం కునుకు తీస్తుండగా దొంగచాటుగా చదివి పెద్దమ్మకు చెప్పాను. ఆవిడకు అక్షరాలు రావు. తను చెబుతుంటే నేనే రాశాను.

“కింద మీ పెదనాన్న పేరు పెట్టెయ్యవే. నా పేరు వేస్తారా ఏంటి?” అంది.

పెట్టేశాను. అచ్చయింది. ఊరంతా మెచ్చుకుంటే పెదనాన్న మీసం దువ్వుకున్నాడే తప్ప, నాది కాదని ఒక్క మాట అనలేదు. చదవలేని ఆ పేజీని పెద్దమ్మ మడిచి బైబిల్లో దాచుకుంది.

ఇప్పుడదే చిట్కా మళ్లీ వేసి, తన బట్టలు తానే ఉతుక్కున్న ఆదర్శ పురుషుడని రాశారు. ఆయన ఉతకడమా! ఇంట్లో బకెట్టు ఎక్కడుంటుందో ఆయనకు తెలిస్తే ఒట్టు. పత్రికాఫీసుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

“ఇది మగవాళ్ల పత్రిక చరిత్ర కదండీ. ఆవిడ పేరు ఎక్కడ పెడతామండీ?” అన్నాడు అవతలి మనిషి.

పెదనాన్ననే నిలదీశాను. “పోయినావిడకి ఇప్పుడు పేరెందుకే?” అన్నాడు, పత్రిక మీంచి తలెత్తకుండా.

తోట ప్లాట్లయింది. కొట్టు కూలిపోయింది. పెద్దమ్మ వెళ్లిపోయింది. వాటికి ఏడ్చి ఊరుకోగలను. ఆవిడ పేరు రాయాల్సిన చోట ఇంకొకరి పేరు రాసింది మాత్రం నా చెయ్యే. ఆ చేత్తోనే ఇప్పుడు రాస్తున్నాను. ఆ చిట్కా చెప్పింది, ఆ చొక్కాలు ఉతికింది మా పెద్దమ్మ సువార్తమ్మ.