ఎండలోకి చాపిన చెయ్యి

ఇప్పటికీ మాచర్ల బస్సులో ఎంత ఎండ కొట్టినా నేను షట్టర్ దించను.

ఆ రోజు నరసరావుపేటలో నా పక్కన కిటికీ దగ్గర ఒక ముసలావిడ కూర్చుంది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిందట. వెనక సీట్లో వాకర్ పట్టుకుని కొడుకు. నకరికల్లు దాటాక ఆవిడ చెయ్యి ఎండలోకి చాపింది. కొడుకు ఆ చెయ్యి లోపలికి లాగి షట్టర్ ధడాలున దించి, లేవకుండా అదిమి పట్టాడు.

"పగోళ్ల ఊరొస్తంది. ఎవడన్నా చూత్తే?"

ఆవిడ నా వైపు తిరిగింది. "మా ఆయన్ని వాకిట్లోనే నరికారమ్మా. అప్పట్నుంచి ఈడు తలుపుకి గడియేసి ఆడోళ్లని ఎండ మొహం చూడనియ్యలా. మంచం మీంచి లేస్తంటే ఎముక పుటుక్కున ఇరిగింది. ఎండ తగలక డి విటమిన్ లేదంట, ఎముకలన్నీ గుల్లబారినయ్యంట."

"నోరు ముయ్యవే!" కొడుకు అరిచాడు.

షట్టర్ మీదున్న అతని చేతిని ఆవిడ రక్తం వచ్చేలా కొరికింది.

"నన్ను ఇరగ్గొట్టింది కత్తులోళ్లు కాదురా, నువ్వేసిన గడియ! రేపు నీ పెళ్లాన్ని గూడా ఇట్టాగే మోసుకొస్తావా?"

కాసేపటికి అతను ఆ నెత్తుటి చేత్తోనే షట్టర్ పైకి లేపాడు. ఆవిడ మళ్లీ చెయ్యి బయటికి చాపింది.

పగవాళ్ల ఊరు వచ్చింది. బస్సు ఆగింది. ఆవిడ చెయ్యి ఎండలోనే ఉంది.