అమ్మ పొట్టకు ఆనిన పాదాలు

మధ్యాహ్నం ఒంటిగంటకు మిలిటరీ ట్రక్కు మమ్మల్ని సరిహద్దు కొండల్లో ఒక నది ఒడ్డున దించింది. డెబ్బైల చివర్లో ఒక అక్టోబరు. రెండు కొండల మధ్య ఇరుకైన నది, పక్కన చిన్న ఊరు, ఒక టీకొట్టు, చెక్క వంతెన. మా బంకరు అవతలి గట్టు మీద. రాయచోటి ఎండలో పెరిగిన నాకు మొదటిరోజే పళ్లు టకటకలాడాయి. ఇప్పుడు ఈ అరబ్బు దేశంలో, ఫహాహీల్‌లో, కొళాయి నీళ్లు కూడా కాగిపోయే ఎండలో ఈ మాట చెబితే మా గదిలోవాళ్లు నమ్మరు.

నవంబరులో మంచు పడి దారి మూసుకుపోయింది. టీకొట్టు నడిపే పెద్దామెను అందరం అమ్మ అనేవాళ్లం. నాదీ ఆమెదీ వచ్చీరాని హిందీయే. అందుకే బాగా కుదిరింది.

జనవరిలో ఒకరోజు నేనూ వైర్‌లెస్ ఆపరేటరూ కిరసనాయిలు డబ్బాలతో నది అంచున నడుస్తుంటే నా కింద మంచుగడ్డ విరిగింది. మోకాళ్ల దాకా నీళ్లు. టీకొట్టు చేరి బూట్లు విప్పితే కాలివేళ్లు మైనంలా తెల్లగా ఉన్నాయి. గిల్లినా తెలియలేదు. వేళ్లు పోతే ఉద్యోగమూ పోతుంది, ఇంటికి ఏ ముఖంతో వెళ్లను? భయంతో కాళ్లు పొయ్యి దగ్గరకు చాపాను.

అమ్మ వాటిని పక్కకు లాగేసింది. కింద కూర్చుని, ఉన్ని అంగీ ఎత్తి, నా పాదాలను తన పొట్టకు ఆనించుకుంది. నాకు ప్రాణం పోయినంత పనైంది. పెద్దవాళ్లకు పొరపాటున కాలు తగిలితేనే కళ్లకద్దుకునే ఇంట్లో పుట్టాను. వెనక్కి లాక్కుని, ఆమెకు అర్థం కాని తెలుగులో, "వద్దమ్మా, నాకు పాపం సుట్టుకుంటాది" అన్నాను.

ఆపరేటరు అప్పటికే వీపున ఉన్న వైర్‌లెస్ సెట్‌లో బంకరుకు కబురు చెప్పాడు. మా వైద్య సహాయకుడి గొంతు సెట్‌లో గరగరలాడింది. "పొయ్యి వద్దు. చర్మం కాలినా తెలీదు. ఒంటి వేడే మందు. ఓవర్."

"విన్నావుగా బేటా, కాళ్లియ్యి" అంది అమ్మ.

ఇచ్చాను. చాలాసేపటికి వేళ్లలో మంట మొదలై ఏడుపొచ్చేసింది. నొప్పి తెలిసినందుకు ఆమె సంబరపడింది.

మేలో దారి తెరిచారు. వెళ్లేరోజు ఆమె కాళ్లకు మొక్కబోతే అంగీ అంచుతో పాదాలు కప్పేసుకుని, నా మేజోళ్లు పొడిగా ఉన్నాయా అని అడిగింది.

ఇప్పుడు డ్రైవరుగా రోజంతా తిరిగి వచ్చి, బూట్లు విప్పి కాసేపు అలాగే కూర్చుంటాను. "ఏందన్నా, దినామూ ఆ కాళ్లు చూసుకుంటావు? యల్లా, అన్నం తిందాం రా" అంటాడు గదిలోని కడప తమ్ముడు, మాటలో అరబ్బీ కలిపి. వేళ్లు పదీ ఉన్నాయి. వాటిని చూస్తే అమ్మే కనిపిస్తుంది. ఆ రోజు నా పాదాల చలి తగలగానే ఆమె కళ్లు గట్టిగా మూసుకుని ఒళ్లంతా వణికిపోయింది. వణుకుతూనే వాటిని ఇంకా దగ్గరకు హత్తుకుంది.