గడ్డిలో ఆగిన బంతి

పదకొండేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. ఇంట్లో తెలియదు. సంఘంలో తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. నేను సంఘ పెద్దను. యువకులకు వాక్యం నేర్పుతాను. అబద్ధ సాక్ష్యం గురించి ఎన్ని ఆదివారాలు బోధించి ఉంటానో! దేవుడు ఇవ్వని జవాబును ఆయన ఇచ్చినట్టుగా ఒక తండ్రి ముందు పెట్టినవాణ్ణి నేనే.

ఆ తండ్రి నా స్నేహితుడు ప్రభాకర్. ఫిల్మ్‌నగర్‌లో అతనికి డబ్బింగ్ స్టూడియో ఉంది. సంఘంలోనే కలిశాం. నలభై దాటాక ఇద్దరం ఒకేసారి గోల్ఫ్ మొదలుపెట్టాం. ఇద్దరికీ ఆట రాదు, ఇష్టం మాత్రం చాలా. ఎవరింట్లో శుభకార్యం వచ్చినా ముందు మాకొక ఆట ఉండాల్సిందే. మా అమ్మాయి బాప్తిస్మానికి ఆడాం. అతని గృహప్రవేశానికి ఆడాం. సామాను లారీ కొత్త ఇంటి ముందు నిలబడి ఉంటే మేం ఇంకా ఎనిమిదో గుంత దగ్గరే ఉన్నాం. వాళ్ళావిడ ఆ సంగతి ఇప్పటికీ ఎత్తుతుంది.

ఆ ఆటల్లో మాకొక నియమం. ఎవరింట్లో శుభకార్యమో అతని బంతి చెడ్డచోట పడితే, రెండోవాడు ఒక్కసారి దాన్ని కాలితో మంచిచోటికి తోయాలి. దాన్ని చదివింపు అనేవాళ్ళం. ఈ నియమం మీకు ఎందుకు చెబుతున్నానంటే, చాలాకాలం దీని చాటునే దాక్కున్నాను.

ప్రభాకర్ కూతురు షారోన్. నాన్న స్టూడియోలో గొంతు అరువిస్తూ పెరిగిన పిల్ల. కానీ ఆమె మనసు మైకు ముందు కాదు, గాజు అద్దానికి ఇవతల, శబ్దాన్ని రికార్డు చేసేచోట ఉండేది. చెన్నైలో శబ్దం గురించి రెండేళ్ళ చదువుకు సీటు వచ్చింది. అదే నెలలో నేను ఒక సంబంధం తెచ్చాను. అబ్బాయి సునీల్, మా అక్క కొడుకు. మంచివాడు. ఎలాగైనా కుదురుస్తానని అక్కకు మాటిచ్చాను. పెళ్ళయ్యాక చదువు అనే మాట వాళ్ళింట్లో నడవదని నాకు తెలుసు. ఆ పిల్ల తండ్రితో ఒకటే అంది: నువ్వు ప్రార్థించి ఏది చెబితే అది.

ఒక శనివారం పొద్దున షేక్‌పేట ఫ్లైఓవర్ మీదుగా ఆటకు వెళ్తున్నాం. ప్రభాకర్ కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

"ఏందిర, గట్ల కూసున్నవ్? జర మాట్లాడు," అన్నాను.

"మూడు వారాలు ప్రార్థన చేశానురా. ఆయన ఏమీ చెప్పట్లేదు. సోమవారంలోగా చెన్నైవాళ్ళకి చెప్పాలి. మీ అక్కగారికీ చెప్పాలి."

ఆ మైదానంలో ఒక గుంతకు దూరం తక్కువ, ఒక్క దెబ్బలో చేరొచ్చు. కానీ దారి మధ్యలో పెద్ద బండ అడ్డం. కొట్టేచోటు నుంచి అవతలి జెండా కొస మాత్రమే కనిపిస్తుంది. గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక, గ్రీన్ అంటారు, అసలు కనిపించదు. అక్కడికి రాగానే ప్రభాకర్ టోపీ తీశాడు.

"ఈ బంతి గ్రీన్ మీద ఆగితే పెళ్ళి. ఆగకపోతే చెన్నై."

"నీ ఆటకా? అయితే పిల్ల చెన్నై పోయినట్టే. సూట్‌కేసు సదరమను."

"నవ్వకు. నా చేతనయ్యేదైతే ఆయన్ని అడగడం దేనికి? ఇంకోటి, ఇవ్వాళ చదివింపులు లేవు. ఈ ఒక్క బంతి ఆయనది."

కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత కొట్టాడు. అంత శుభ్రంగా అతను కొట్టగా నేనెప్పుడూ చూడలేదు. బంతి బండ మీదుగా వెళ్ళి మాయమైంది. అతనికి మోకాలు నొప్పి, నెమ్మదిగా నడుస్తాడు. నేను ముందు వెళ్ళాను. ఎందుకంత తొందరగా వెళ్ళాను? కుతూహలం. అప్పటికి అది కుతూహలమే. దేవుడు ఏమన్నాడో చూద్దామనుకున్నాను.

బంతి గ్రీన్ మీద లేదు. అంచుకు మూరెడు దూరంలో, గడ్డిలో ఆగి ఉంది. చూశాను. కాలు కదిలింది.

"ఎక్కడుందిరా?" బండ అవతలి నుంచి కేక.

"వచ్చి నువ్వే చూస్కో," అన్నాను.

చూడండి, అబద్ధం కూడా ఆడలేదు. అతను వచ్చాడు, చూశాడు, ఆ మోకాలితోనే పచ్చిక మీద కూలబడి ఏడ్చాడు. మర్నాడు సంఘంలో లేచి సాక్ష్యం చెప్పాడు. అందరూ స్తోత్రం అన్నారు. ముగింపు ప్రార్థన చేయాల్సింది నేను. ఇచ్చిన సూచన కోసం దేవునికి కృతజ్ఞతలు చెప్పాను. గొంతు వణికింది. నేను ఆత్మలో కదిలిపోయానని అనుకున్నారు.

ఆ పొద్దున నా కాలిలో కదిలింది ఏమిటి? దీని గురించి నేను ఆలోచించినంతగా ఏ వాక్యభాగం గురించీ ఆలోచించలేదు. అలవాటా? ఎన్నో ఏళ్ళుగా అతని బంతి గడ్డిలో కనిపిస్తే నా కాలు దానంతటదే లేచేది; ఆ రోజూ అలాగే లేచిందని, నాకు తెలిసేలోపే అయిపోయిందని చెప్పుకుంటూ ఇన్నేళ్ళు నిద్రపోయాను. అక్కకిచ్చిన మాటా? ప్రభాకర్‌తో వియ్యమందితే నా పరపతి పెరుగుతుందన్న ఆశా? కొంచెం కొంచెం అన్నీనా?

ఇక్కడ మీకు ఒకటి చెప్పాలి. నాకు నేను కూడా చెప్పుకోనిది. నేను తోసింది ఒకసారి కాదు. రెండుసార్లు. మొదటి తోపుకు బంతి అంచు దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకా బయటే ఉంది. బండవైపు చూశాను. అతని టోపీ కూడా కనిపించలేదు. వ్యవధి ఉంది. అప్పుడు మళ్ళీ తోశాను. మొదటిది అలవాటు కావచ్చు. రెండోది నేను.

పెళ్ళి పాడైపోయిందా అని అడుగుతారు. లేదు. అదే నాకు అంతుపట్టదు. సునీల్ ఆమెను బాగా చూసుకుంటాడు. వెంగళరావు నగర్‌లో కాపురం, ఇద్దరు పిల్లలు. చెన్నై మాట మళ్ళీ రాలేదు. స్టూడియోకూ వెళ్ళదు. ఆ బంతి ఆయన జవాబే అయితే, ఆయన వద్దన్నదాన్ని నేను అవునన్నాను. జవాబు కాకపోతే, ఆయన మౌనంగా ఉన్నచోట నేను మాట్లాడాను. రెంటిలో ఏది పెద్ద తప్పు? మన పొరపాట్లను కూడా ఆయన మేలుకు వాడుకుంటాడని క్లాసులో పిల్లలకు చెబుతాను. నా విషయంలో ఆ మాట అనుకోబోయి ప్రతిసారీ ఆగిపోతాను. అది ఆయన అనాలి గానీ నేను కాదు.

పోయిన నెల షారోన్ చిన్నవాడి పుట్టినరోజుకు జూబ్లీ హిల్స్‌లో ఒక హోటల్లో కలిశాం. ఆ పొద్దున ప్రభాకర్, నేను మామూలుగానే ఆడి వచ్చాం. పిల్లలు బెలూన్ల కోసం కొట్టుకుంటున్నారు. షారోన్ ప్లేటు పట్టుకుని నా పక్కన కూర్చుంది.

"మామయ్యా, ఒకటి అడగనా? ఆ రోజు బంతి కొంచెం ఇవతలే ఆగుంటే డాడీ నిజంగా నన్ను పంపేవారంటారా?"

"ఇప్పుడెందుకమ్మా అది?"

"ఊరికే. తెలుసుకుందామని."

ఆమె ముఖంలో కోపం లేదు, దుఃఖం లేదు. కుతూహలం. పాప నీళ్ళు ఒంపేసింది, ఆమె లేచి వెళ్ళింది.

ఈ కాగితం ఆమెకు ఇస్తానో లేదో తెలియదు. ఇస్తే ప్రభాకర్ విశ్వాసం ఏమవుతుంది? ఇవ్వకపోతే నా విశ్వాసం ఏమైనట్టు? క్షమించమని అడగడానికి ఇది రాయలేదు. ఆమె అడిగినదానికి జవాబు ఒకటి ఉంది, ఈ లోకంలో అది నా ఒక్కడికే తెలుసు. అది ఎక్కడో ఒకచోట ఉండాలని రాశాను.

పంపేవాడమ్మా. బంతి ఇవతలే ఆగింది. నేనే తోశాను.

రాసి, మళ్ళీ చదువుకున్నాను. ఒక్క అక్షరం మార్చాలనిపించలేదు.