జగిత్యాలలో కొన్న ప్లగ్గు వైర్లు

కాన్పు కష్టమైన సంతోషమ్మను డ్రైవర్ అహరోను పాత పెట్రోల్ లారీలో ధర్మపురి నుంచి కరీంనగర్ దవాఖానకు తీసుకపోతుండు. వాన దంచుతుంది. జగిత్యాల చేరేసరికి ఇంజన్ దగ్గుడు మొదలువెట్టింది. బానెట్ ఎత్తి చూస్తే ప్లగ్గు వైర్ల రబ్బరు పగిలి, నిప్పురవ్వలు బయటికే దుంకుతున్నయి.

రోడ్డు పక్కన సామాన్ల దుకాణానికి ఉరికితే, దుకాణదారు మెరిసే వైర్లు చూపిండు. అహరోను ఒకటి వంచితే మడత కాడ రబ్బరు నెర్రెలిచ్చింది.

"ముందల వాగు దాటాలె, నీళ్లు తాకితే ఇది తట్టుకుంటదా, సేటూ? రబ్బరు మందంగున్నది, లోపల రాగి తీగెది తియ్యి."

"జల్ది రా బిడ్డా!" అని లారీలకెళ్లి సంతోషమ్మ తల్లి రిబ్కమ్మ మొత్తుకుంది.

అహరోను సేటు తీసిచ్చిన వేరే వైర్లను ఒక్కొక్కటే వంచి చూసినంకనే బిగించిండు.

వాగు నడుమ నీళ్లు ఇంజన్ మీదికి చిమ్మినయి. ఇంజన్ ఆగలే. లారీ ఒడ్డెక్కింది.

దవాఖానల సంతోషమ్మకు ఆడపిల్ల పుట్టిందని, తల్లీబిడ్డ క్షేమమని తెలిసినంక, అహరోను స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చిండు.